అడిలైడ్ నుంచి అలీస్ స్ప్రింగ్స్ దాకా: ఒక నర్సింగ్ విద్యార్థిని ప్రయాణం

శనివారం, కూబర్ పీడీ

అడిలైడ్ నుంచి అలీస్ స్ప్రింగ్స్ 1,500 కిలోమీటర్ల పైమాటే. విమానం ఎక్కితే రెండు గంటల్లో దిగిపోవచ్చు. అయినా కారులోనే వెళ్దామని పట్టుబట్టింది నేనే. నర్సింగ్ ప్లేస్‌మెంట్ కోసం, అంటే చదువులో భాగంగా ఆసుపత్రిలో పని నేర్చుకోవడానికి, మధ్య ఆస్ట్రేలియాకి వెళ్తున్నాం. అక్కడ జబ్బు చేసిన మనిషి ఆసుపత్రి మంచం దాకా రావడానికి ఎంత నేల దాటాలో ఒంటికి తెలియాలంటే రోడ్డు మీద వెళ్ళాల్సిందే అనిపించింది. నాతో చదివే కేరళ అమ్మాయి, నేపాల్ అబ్బాయి సరేనన్నారు. పెట్రోలు ఖర్చు ముగ్గురం పంచుకున్నాం. పులిహోర మాత్రం నా వంతు.

పోర్ట్ ఆగస్టా దగ్గర హైవే వదిలి, ఓ 40 కిలోమీటర్లు పక్కకి వెళ్ళి క్వోర్న్ అనే చిన్న ఊరు చూశాం. పాత రైల్వే స్టేషను, వెడల్పాటి వీధులు, చుట్టూ కొండలు. ఒకప్పుడు ఈ ఊళ్ళో కోల్‌బ్రూక్ హోమ్ ఉండేది. తల్లుల దగ్గర నుంచి తెచ్చేసిన ఆదివాసీ పిల్లల్ని మిషనరీలు అందులో పెంచారు. లోయిట్జా ఓడొనహ్యూ అనే పాపను రెండేళ్ళ వయసులో ఇక్కడికి తెచ్చారు. ఆమె మళ్ళీ కన్నతల్లి మొహం చూసేసరికి ముప్పై ఏళ్ళు దాటిపోయాయి.

నేను ఈ ఊరికి రావాలనుకున్నది ఆమె కోసమే. పెద్దయ్యాక లోయిట్జా నర్సు కావాలనుకున్నారు. రాయల్ అడిలైడ్ ఆసుపత్రిలో శిక్షణ కోసం అడిగితే, అలీస్ స్ప్రింగ్స్ వెళ్ళి మీవాళ్ళకే సేవ చేసుకోమని అప్పటి మేట్రన్ చెప్పి పంపేశారట. ఆమె అప్పటికి అలీస్ స్ప్రింగ్స్ చూడనే లేదు. ఊరుకోకుండా పోరాడి, 1954లో ఆ ఆసుపత్రిలో చేరిన మొదటి ఆదివాసీ ట్రైనీ నర్సయ్యారు. తర్వాత 1962లో మన అస్సాం వచ్చి నర్సుగా పనిచేశారు. చైనా యుద్ధం వచ్చి అక్కడి నుంచి కలకత్తా చేరాల్సి వచ్చింది. 1984లో 'ఆస్ట్రేలియన్ ఆఫ్ ది ఇయర్' అయ్యారు. 2024 ఫిబ్రవరిలో కన్నుమూశారు. మన దేశంలో రోగులకు సేవ చేసిన ఈ ఆదివాసీ నర్సు సంగతి నాకు ఇండియాలో చదివిన రోజుల్లో ఎవరూ చెప్పలేదు. ఆస్ట్రేలియా వచ్చే ప్రతి భారతీయ నర్సుకీ చెప్పాలని ఉంది.

కూబర్ పీడీ చేరేసరికి చీకటి పడింది. 1915లో ఓపల్ రాళ్ళు దొరికిన ఊరు ఇది. ఎండ తట్టుకోలేక చాలామంది నేల కింద తొలిచిన ఇళ్ళలోనే ఉంటారు. మా హాస్టల్ కూడా నేల కిందే. పడుకోగానే నిద్ర పట్టేసింది.

ఆదివారం, అలీస్ స్ప్రింగ్స్

పొద్దుటి నుంచీ ఎర్రనేల. ఎదురుగా 50 మీటర్ల పైచిలుకు పొడవుండే రోడ్ ట్రైన్లు (వెనక వరసగా ట్రైలర్లు తగిలించిన లారీలు) వస్తుంటే స్టీరింగు గట్టిగా పట్టుకోవాల్సి వచ్చేది. మార్లాలో పెట్రోలు పోయించుకున్నాం. లోయిట్జా పుట్టిన ఎడారి ఇటువైపే. అక్కడి నుంచి క్వోర్న్ ఎంత దూరమో నిన్నటి నుంచి ఆ దారిలోనే వచ్చినవాళ్ళం కాబట్టి మాకు బాగా తెలుసు. రెండేళ్ళ పిల్లని అంత దూరం తీసుకెళ్ళారంటే తల్లికి వెతుక్కునే దారేది?

కారులో వాదన మొదలైంది అక్కడే. "మనం ఈ దేశానికి నిన్న మొన్న వచ్చినవాళ్ళం. ఆ పిల్లల్ని ఎత్తుకుపోయింది మనం కాదు కదా. మనకెందుకు ఈ బరువు?" అన్నాడు నేపాల్ అబ్బాయి. మా క్లాసులో విదేశీ విద్యార్థులు చాలామంది ఇదే మాట అంటారు. బ్రిటిష్‌వాళ్ళ కింద నలిగిన దేశాల నుంచే వచ్చాం కాబట్టి మనం కూడా బాధితుల వైపే అని ఒక ధీమా. నేను ఒప్పుకోను. వార్డులో మంచం మీదున్న ఆదివాసీ తల్లికి ముందు కనబడేది నా యూనిఫారం. పుట్టిన పసికందుల్ని ఆసుపత్రుల నుంచే తీసుకెళ్ళిపోయిన ఉదంతాలు ఆదివాసీ పిల్లల్ని విడదీయడం మీద 1997లో వచ్చిన 'బ్రింగింగ్ దెమ్ హోమ్' నివేదికలో ఉన్నాయి. ఆ తల్లి అమ్మమ్మకి జరిగింది ఆ ఇంట్లో ఇంకా మాట్లాడుకుంటూనే ఉంటారు. నేను ఏ దేశం నుంచి వచ్చానన్నది ఆమెకి తర్వాతి సంగతి.

అలాంటి తల్లి సంస్కృతికి భంగం లేకుండా వైద్యం అందడాన్ని మా చదువులో కల్చరల్ సేఫ్టీ అంటారు. ఆ ఆలోచన పుట్టింది ఒక విద్యార్థిని ప్రశ్న నుంచే. 1988లో న్యూజిలాండ్ క్రైస్ట్‌చర్చ్‌లో నర్సింగ్ విద్య గురించి ఒక సమావేశం జరిగింది. మొదటి ఏడాది చదువుతున్న ఒక మావోరీ (అక్కడి ఆదివాసీ) అమ్మాయి లేచి, మీరు చట్టపరమైన భద్రత అంటారు, నైతిక భద్రత అంటారు, చికిత్సలో భద్రత అంటారు, మరి మా సంస్కృతికి భద్రత మాటేమిటి అని అడిగింది. ఆ సమావేశంలో ఉన్న మావోరీ నర్సు ఇరిహాపెటి రామ్‌స్డెన్ ఆ ప్రశ్నను పట్టుకుని ఒక సిద్ధాంతంగా నిలబెట్టారు. 1992లో న్యూజిలాండ్ నర్సింగ్ కౌన్సిల్ దాన్ని చదువులో చేర్చింది. ఆస్ట్రేలియాలో 2018లో వచ్చిన నర్సుల ప్రవర్తనా నియమావళిలోకీ వచ్చింది. ఎదుటివాళ్ళ ఆచారాల జాబితా బట్టీ పట్టమని రామ్‌స్డెన్ చెప్పలేదు. నీ చేతిలో ఎంత అధికారం ఉందో ముందు చూసుకో అన్నారు. వైద్యం భద్రంగా అందిందా లేదా అన్నది పొందినవాళ్ళే చెప్పాలి, నర్సు తనకు తాను సర్టిఫికెట్ ఇచ్చుకోకూడదు. ఈ ముక్క నాకు పుస్తకంలో అర్థమైంది గానీ, రోజూ డ్యూటీలో ఎలా ఉంటుందో చూడాలనే ఇంత దూరం వచ్చాను.

సాయంత్రం హెవిట్రీ గ్యాప్ అనే కొండ సందులోంచి ఊళ్ళోకి దిగాం. పక్కనే టాడ్ నది. నీటి చుక్క లేదు, ఇసుక మధ్యలో పెద్ద పెద్ద యూకలిప్టస్ చెట్లు. ఈ చోటుకి ఇక్కడి ఆదివాసులైన అరెంటె ప్రజలు పెట్టుకున్న పేరు ఎంబార్న్‌ట్వా.

సోమవారం

మా ప్లేస్‌మెంట్ సగం క్లినిక్‌లో, సగం ఆసుపత్రిలో. వాటి పేర్లు రాయను. రోగులవీ, మాకు నేర్పినవాళ్ళవీ పేర్లు కూడా రాయను. గుర్తుపట్టే వివరాలు కొన్ని వదిలేశాను.

మా ముగ్గురికీ మొదటి పాఠం చెప్పింది అరెంటె పెద్దావిడ ఒకరు. ఆదివాసీ రోగులకీ ఆసుపత్రికీ మధ్య మాట కలిపే లియాజన్ ఆఫీసరుగా చాలా ఏళ్ళు పనిచేశారు. ఇక్కడ పెద్దవాళ్ళని అందరూ ఆంటీ, అంకుల్ అనే పిలుస్తారు. మేమూ ఆంటీ అనే అన్నాం. ఆవిడ ముందు మమ్మల్నే అడిగారు: మీ అమ్మ ఏ ఊరు, నాన్న ఏ ఊరు, మీ నేల మీద నది ఉందా, మీ మామ్మ ఏ భాష మాట్లాడేది? నాది నర్సీపట్నం, పక్కనే వరాహ నది, పైన మన్యం కొండలు అని చెప్పాను. ఓ అరగంట ఇవే కబుర్లు. మెడిసిన్ చార్టుల మాటే ఎత్తలేదు.

తర్వాత వెయిటింగ్ హాలు చూపించారు. కుర్చీలు ఎందుకు రెండు వైపులా విడివిడిగా వేశారో చెప్పారు. ఇక్కడి చాలా కుటుంబాల్లో అత్తగారు, అల్లుడు ఒకరికొకరు ఎదురుపడకూడదు. ఒకే గదిలో ఇరుకున కూర్చోబెడితే ఇద్దరిలో ఒకరు డాక్టర్ని చూడకుండానే లేచి వెళ్ళిపోతారు. మన పాత ఇళ్ళలో కూడా అల్లుడి ముందుకి రాకుండా తలుపు చాటు నుంచి మాట్లాడిన అత్తగార్లు ఉండేవారు కాబట్టి నాకు వింతగా అనిపించలేదు. ఎవరైనా పోతే కొంతకాలం ఆ పేరు పలకరు. అదే పేరున్న మరో మనిషిని అరెంటెవాళ్ళు 'క్వమెంజాయ్' అని పిలుస్తారు. అంటే వెయిటింగ్ హాల్లో నిలబడి గట్టిగా పేరు పెట్టి పిలిచే అలవాటే ఇక్కడ ఒక కుటుంబాన్ని ఏడిపించగలదు. ముందు హెల్త్ వర్కర్ని అడగాలి.

"నువ్వు ప్రశ్న వేసి మూడు సెకన్లు ఆగుతావు. ఆ తర్వాత నువ్వే ఇంకో ప్రశ్న వేస్తావు. వాళ్ళు మొదటి ప్రశ్న గురించి ఇంకా ఆలోచిస్తూనే ఉంటారు" అన్నారు ఆంటీ. అన్నిటికీ 'ఎస్' అనడం గురించి కూడా చెప్పారు. అధికారంలో ఉన్నవాళ్ళు వరసగా ప్రశ్నలు వేస్తే గొడవ లేకుండా వదిలించుకోవడానికి అవునవును అనేస్తారు. ఆ అవును మీద సంతకం పెట్టించుకుని ఆపరేషన్‌కి తీసుకెళ్తే అది అంగీకారం కాదు.

ఆవిడ చిన్నప్పుడు ఈ ఊళ్ళోకి ఆదివాసులు ఇష్టమొచ్చినట్టు రావడానికి లేదు. 1928 నుంచి 1964 దాకా అలీస్ స్ప్రింగ్స్ వాళ్ళకి నిషిద్ధ ప్రాంతం. తమ నేల మీద తామే అనుమతి అడగాలి. ఈ సంగతి ఆవిడ గొంతు పెంచకుండా, టీ కలుపుతూ చెప్పారు. ఇప్పుడు 70 ఏళ్ళున్న రోగి ఎవరైనా ఆ రోజులు స్వయంగా చూసినవారే.

మంగళవారం

ఈరోజు పొద్దున చూసిన పది నిమిషాల పని గురించి వివరంగా రాయాలి. బడికెళ్ళే ఓ పాపకి పెనిసిలిన్ ఇంజెక్షన్.

గొంతు నొప్పి, చర్మం మీద పుండ్లు చేసే స్ట్రెప్ బ్యాక్టీరియా కొందరు పిల్లల్లో రుమాటిక్ జ్వరం తెస్తుంది. కీళ్ళు వాచిపోతాయి, మళ్ళీ మళ్ళీ వస్తే గుండె కవాటాలు పాడవుతాయి. ఇరుకు ఇళ్ళు, సరైన నీటి వసతి లేకపోవడం దీనికి మూలం. ధనిక దేశాల్లో దాదాపు కనుమరుగైన ఈ జబ్బు ఇక్కడి ఆదివాసీ పిల్లల్లో ఇంకా బాగా ఎక్కువ. మళ్ళీ రాకుండా ఉండాలంటే నాలుగు వారాలకోసారి బెంజాథైన్ పెనిసిలిన్ కండలోకి ఇవ్వాలి. ఏళ్ళ తరబడి. మన దగ్గర పెనిడ్యూర్ అంటే చాలామంది తల్లులకి తెలుసు, అదే మందు. చిక్కగా ఉంటుంది, విపరీతమైన నొప్పి.

ఇంజెక్షన్ ఇచ్చింది ఆబోరిజినల్ హెల్త్ ప్రాక్టీషనర్, అంటే శిక్షణ పొందిన ఆదివాసీ హెల్త్ వర్కర్. ముప్పై ఏళ్ళ లోపు అమ్మాయి. ఫ్రిజ్‌లోంచి సిరంజి తీసి వెంటనే ఇవ్వలేదు. రెండు అరచేతుల మధ్య పెట్టి దొర్లిస్తూ పాపతో ఫుట్‌బాల్ గురించి మాట్లాడింది. మందు చల్లదనం పోతే నొప్పి కొంత తగ్గుతుంది. తర్వాత "ఈసారి ఏ పక్క?" అని అడిగింది. పాప ఆలోచించి కుడివైపు చూపించింది. "మంచం మీదా, కుర్చీలోనా?" పాప అమ్మమ్మ ఒడి ఎంచుకుంది. సూది వేసే చోట బొటనవేలితో పది సెకన్లు గట్టిగా నొక్కి, అప్పుడు సూది దించి, మందు మాత్రం రెండు నిమిషాల పైనే నెమ్మదిగా తోసింది. పాప కళ్ళలో నీళ్ళు తిరిగాయి గానీ కదల్లేదు. అయ్యాక క్యాలెండర్‌లో వచ్చే తేదీ మీద స్టిక్కర్ తనే అంటించింది.

పక్క, చోటు, స్టిక్కర్. ఆ మూడూ పాప నిర్ణయాలే. ఇంజెక్షన్ వేయించుకోవాలా వద్దా అనేది ఆ వయసు పిల్ల తేల్చలేదు, మిగతాదంతా మాత్రం ఆమె చేతికే ఇచ్చేశారు. వచ్చే నెల ఈ పాప తనంతట తాను వస్తుందని హెల్త్ వర్కర్ ధైర్యంగా చెప్పింది. పిల్ల రాకపోతే తప్పు కుటుంబం మీదకి నెట్టేసే క్లినిక్కులు ఎన్నో ఉన్నాయి. వాళ్ళు ముందు తమ క్లినిక్‌లో ఇంజెక్షన్ ఎలా ఇస్తున్నారో చూసుకోవాలి.

బుధవారం

డయాలసిస్ రోజు. మధ్య ఆస్ట్రేలియాలో కిడ్నీ జబ్బు ఎంత ఎక్కువంటే, 25 వేల పైచిలుకు జనాభా ఉన్న ఈ ఊళ్ళో నడిచేంత డయాలసిస్ పెద్ద నగరాల్లో కూడా అరుదు. వారానికి మూడుసార్లు, ప్రతిసారీ నాలుగైదు గంటలు మిషన్ పక్కన. ఎడారి గ్రామం నుంచి వచ్చిన మనిషికి దాని అర్థం, ఇక ఇంటికి వెళ్ళడం ఉండదు. భర్తో భార్యో వెంట వస్తే మనవలు అక్కడ, వీళ్ళిక్కడ. పెద్దలు ఊళ్ళో లేకపోతే పాటలు, కథలు, నేల సంగతులు పిల్లలకి ఎవరు చెబుతారు?

పశ్చిమ ఎడారి పింటుపి ప్రజలు దీనికి తామే దారి వేసుకున్నారు. వాళ్ళది బయటి ప్రపంచంతో మొన్న మొన్నటిదాకా పెద్దగా పరిచయం లేని నేల. 1984లో కివిర్‌కురా దగ్గర తొమ్మిది మంది ఉన్న ఒక పింటుపి కుటుంబం మొదటిసారి తమ బంధువుల దగ్గరికి వచ్చి స్థిరపడింది. అదే సమాజం నుంచి వచ్చిన చిత్రకారులు ప్రపంచ ప్రసిద్ధులు. కింటోర్, కివిర్‌కురా కళాకారులు కలిసి కూర్చుని పెద్ద పెద్ద కాన్వాసులు వేశారు. 2000 నవంబరులో సిడ్నీలోని ఆర్ట్ గ్యాలరీ ఆఫ్ న్యూ సౌత్ వేల్స్‌లో వేలం వేస్తే పది లక్షల డాలర్లు దాటి వచ్చాయి. ఆ డబ్బుతో పుట్టిన సంస్థనే ఇప్పుడు అందరూ పర్పుల్ హౌస్ అంటారు. 2004 నుంచి అలీస్ స్ప్రింగ్స్‌కి 500 కిలోమీటర్లకు పైగా పడమరనున్న కింటోర్‌లోనే డయాలసిస్ మొదలైంది. తర్వాత డయాలసిస్ మిషన్లు బిగించిన ఒక లారీ కూడా తయారైంది. అంత్యక్రియలకో, పండగకో, ఊరు చూసుకోవడానికో రోగులు వెళ్తే ఆ పర్పుల్ ట్రక్కు వెంట వెళ్తుంది. 2018లో మారుమూల డయాలసిస్‌కి మెడికేర్ (ప్రభుత్వ ఆరోగ్య బీమా) చెల్లింపులు వచ్చాయి.

నాకు ఉద్దానం గుర్తుకు రాకుండా ఎలా ఉంటుంది? శ్రీకాకుళం తీరంలో అంతు చిక్కని కారణాలతో కిడ్నీలు పాడైన మనుషులు డయాలసిస్ కోసం విశాఖ దాకా ప్రయాణాలు చేసిన రోజులు మా ప్రాంతంవాళ్ళందరికీ తెలుసు. సోంపేట, పలాస వంటి చోట్ల కేంద్రాలు వచ్చాక కొంత ఊపిరి పీల్చుకున్నారు. దగ్గర్లో మిషన్ ఉండడం ఒక ఎత్తు. ఆ మిషన్ ఎక్కడ ఉండాలో, ఎలా నడవాలో రోగుల కుటుంబాలే చెప్పగలగడం ఇంకో ఎత్తు. పర్పుల్ హౌస్‌ని నడిపే బోర్డులో ఉండేది ఆదివాసులే. నేను ఈ వారం చూసినవాటిలో నన్ను ఎక్కువ కదిలించింది ఇదే.

గురువారం

ఆసుపత్రి వార్డులో మొదటి షిఫ్ట్. రాత్రి డ్యూటీవాళ్ళు రోగుల వివరాలు అప్పగించే హ్యాండోవర్‌లోనే ఒక మంచం ఖాళీ అని తెలిసింది. రాత్రి ఒకావిడ యాంటీబయాటిక్ కోర్సు మధ్యలో వదిలేసి వెళ్ళిపోయారు. చార్టులో 'టేక్ ఓన్ లీవ్' అని రాసి ఉంది, అంటే తనంతట తానే వెళ్ళిపోయారని. ఇక్కడ ఇది వాడుకగా రాసే మాట. ఒక నర్సు భుజాలు ఎగరేసింది. మా సీనియర్ నర్సు మాత్రం ఫోను అందుకుంది. లియాజన్ ఆఫీసుకి, తర్వాత ఆవిడ ఊరి క్లినిక్‌కి. గంటలో సంగతి తెలిసింది. ఊళ్ళో దగ్గరి బంధువు పోయారు, 'సారీ బిజినెస్' మొదలైంది. అంటే సంతాప దినాలు. ఆ సమయంలో తను అక్కడ లేకపోతే కుటుంబం ముందు తలెత్తుకోలేదు. వార్డులో ఎవరికి చెప్పాలో, ఏ భాషలో చెప్పాలో తెలియక లేచి వెళ్ళిపోయింది. మిగిలిన మందు ఆ ఊరి క్లినిక్‌లో ఇచ్చేలా మధ్యాహ్నానికల్లా ఏర్పాటు చేశారు. ఆవిడ వెళ్ళేముందే ఎవరైనా పక్కన కూర్చుని అడిగి ఉంటే ఆ ఏర్పాటేదో రాత్రే అయ్యేది.

భాష సంగతి కొంచెం చెప్పాలి. ఈ వార్డులో అరెంటె, వార్ల్‌పిరి, పిచంచజార, లురిచ, అన్మచెర్ మాట్లాడేవాళ్ళు పక్కపక్క మంచాల మీద ఉంటారు. చాలామందికి ఇంగ్లీషు మూడో భాషో నాలుగో భాషో. నార్తర్న్ టెరిటరీలో 2000 నుంచి ఆబోరిజినల్ ఇంటర్‌ప్రెటర్ సర్వీసు ఉంది. ఫోను చేస్తే దొరుకుతారు, కాస్త ఆగాలి. ఆ ఆగడమే బిజీ వార్డులో కష్టం. ఈరోజు ఒక పెద్దాయనకి గుండె ఆపరేషన్ గురించి వార్ల్‌పిరిలో చెప్పించారు. అప్పటిదాకా గోడ వైపు తిరిగి పడుకున్న మనిషి లేచి కూర్చుని వరసగా ప్రశ్నలు వేశారు. వెళ్ళే విమానంలో తనతో ఎవరొస్తారు? తీసేసిన కవాటం ఏం చేస్తారు? ఊళ్ళో పెద్దలతో మాట్లాడకముందే సంతకం పెట్టాలా? ఎంత మంచి ప్రశ్నలు!

నాకు విశాఖ రోజులు గుర్తొచ్చాయి. జీఎన్ఎం అనే నర్సింగ్ డిప్లొమా చదువుతూ ఒక పెద్ద ఆసుపత్రిలో డ్యూటీ చేసేదాన్ని. ఏజెన్సీ నుంచి, కొంత దూరం డోలీలో, కొంత దూరం జీపులో తెచ్చిన ఒక బాలింత రాత్రికి రాత్రి బిడ్డని తీసుకుని వెళ్ళిపోయింది. "వీళ్ళింతే, చెప్పకుండా పారిపోతారు" అన్నారు అక్కడి సిస్టర్లు. ఆమె భాష కువి. ఆ వార్డులో కువి తెలిసినవాళ్ళు ఒక్కరు లేరు, ఉండాలని ఎవరికీ తోచలేదు. గిడుగు రామమూర్తి పంతులు గారు పర్లాకిమిడిలో సవర నేర్చుకుని, సవర పిల్లలకి సవరలోనే చదువు చెప్పాలని పుస్తకాలు రాసి వందేళ్ళు దాటిపోయింది. బడి విషయంలో ఆయన అడిగింది ఆసుపత్రి విషయంలో మనం ఇప్పుడైనా అడగాలి. పాడేరు నుంచీ సీతంపేట నుంచీ రోగులు వచ్చే ప్రతి ఆసుపత్రిలో కువి, సవర, ఆదివాసీ ఒడియా మాట్లాడే మనిషి జీతం తీసుకుని డ్యూటీలో ఉండాలి. పక్క మంచం బంధువు దయ మీద నడవకూడదు.

శుక్రవారం

కేరళ అమ్మాయీ నేనూ ఒక మిడ్‌వైఫ్‌తో గడిపాం. నేపాల్ అబ్బాయి వేరే చోటికి వెళ్ళాడు, ప్రసవాలు ఇక్కడ ఆడవాళ్ళ సంగతి. మగవాళ్ళు అందులో తల దూర్చరు. మారుమూల ఊళ్ళ గర్భిణులు నెలలు నిండే ముందే అలీస్ స్ప్రింగ్స్ వచ్చి కూర్చోవాలి. ఒంటరితనం, చేతిలో డబ్బు లేకపోవడం, ఇంటి దగ్గర పెద్ద పిల్లల బెంగ. ఈ బాధ విని ఆదివాసీ స్త్రీలే 1980లలో ఊరూరా మాట్లాడుకుని, తమ అమ్మమ్మల కట్టుబాటు ప్రకారం నడిచే ఒక చోటు కావాలని అడిగారు. అలా 1987లో అలుకురా మొదలైంది. దాన్ని నడిపే సెంట్రల్ ఆస్ట్రేలియన్ ఆబోరిజినల్ కాంగ్రెస్ 1973లో పుట్టిన, ఆదివాసుల చేతుల్లోనే ఉన్న సంస్థ. కడుపు మీద చెయ్యి వేసే ముందు ఆ మిడ్‌వైఫ్ ప్రతిసారీ అడుగుతుంది, నిన్న అడిగినా సరే. ఈరోజుకి ఇంత చాలు.

శనివారం, ఎమిలీ గ్యాప్

సెలవు. ఆంటీ తన అక్కగారితో మమ్మల్ని ఊరికి తూర్పున పది కిలోమీటర్లలో ఉన్న ఎమిలీ గ్యాప్‌కి తీసుకెళ్ళారు. అరెంటెలో ఆ చోటు పేరు ఆంథ్వెర్క. రెండు ఎర్రకొండల మధ్య సందు, ఇసుక, ఓ చిన్న మడుగు. లోపలికి నడిచాక రాతి గోడ మీద నిలువు చారలు కనబడ్డాయి, ఎరుపూ తెలుపూ పక్కపక్కన. గొంగళిపురుగుల గుర్తులవి. ఈ కొండల వరస అంతా గొంగళిపురుగుల పూర్వీకులు తయారుచేసిందే అని వాళ్ళ నమ్మకం. ఊళ్ళో ఒక రోడ్డు వేసినా ఏ పూర్వీకుడి ఒంటి మీద వేస్తున్నామని చూసుకోవాల్సిన చోటు ఇది. ఫోటోలు ఏవి తీయవచ్చో ఏవి కూడదో ఆంటీ ముందే చెప్పారు. కథలో మాకు చెప్పదగ్గంత చెప్పి, మిగతాది మీకు కాదు అన్నారు. అడగలేదు.

మంట వేసి, బొగ్గుల్లో కంగారూ తోక కాల్చి, డాంపర్ రొట్టెతో పెట్టారు. నేను మాంసం తినను. ఆంటీ నవ్వి టీ, రొట్టె నా ముందుకి జరిపారు. రాళ్ళ సందుల్లో పెరిగే ఒక పొద ఆకు నలిపి వాసన చూపించారు. జలుబు, దగ్గులకి నూనెలో మరిగించి ఛాతీకి రాస్తారు. ఆసుపత్రిలో ఉన్న చుట్టానికి ఈ లేపనం తీసుకెళ్తే నర్సు ఏమంటుందో అని భయపడి సంచిలో దాచుకుని తీసుకెళ్ళిన రోజులున్నాయట. ఇప్పుడు కొన్ని వార్డుల్లో అడిగి మరీ రాయనిస్తున్నారు. దాచుకోవాల్సి వచ్చినప్పుడు డాక్టరుకి ఆ మందు సంగతి తెలిసే దారే లేదు, రోగికే ప్రమాదం. కల్చరల్ సేఫ్టీ అంటే మర్యాద పాఠం అనుకునే మా క్లాసువాళ్ళకి ఈ లేపనం కథ ఒక్కటి చెబితే చాలు.

ఆదివారం

బట్టలు ఉతుక్కుని, యూనివర్సిటీ ఫారం తీశాను. ప్లేస్‌మెంట్‌లో వారానికోసారి నింపాలి. కల్చరల్ సేఫ్టీ పాటించావా అన్న వరసలో ఒకటి నుంచి అయిదు దాకా నాకు నేనే మార్కు వేసుకోవాలి. కింద సూపర్‌వైజర్ సంతకం. రోగులు రాయడానికి ఎక్కడా జాగా లేదు. రామ్‌స్డెన్ చెప్పిందానికి సరిగ్గా తలకిందులు.

మార్కు వేయలేదు. ఆ గడి ఖాళీగా వదిలి, ఎందుకు వదిలానో పక్కన రాశాను. తర్వాత ఆంటీకి ఫోన్ చేసి, నేను చూసిన రోగులను నా గురించి మీరు అడిగిపెట్టగలరా అని అడిగాను. సూపర్‌వైజర్ అనుమతి తీసుకున్నానా అని ముందు కనుక్కున్నారు. తీసుకున్నానన్నాను. "సరే. నువ్వు వార్డులో లేనప్పుడు అడుగుతాను. వాళ్ళ భాషలో అడుగుతాను. మంచిగా చెప్పకపోయినా నీకు చెప్పేస్తాను" అన్నారు.

గురువారం అడుగుతారట. రేపు ఏడింటికి మళ్ళీ వార్డు డ్యూటీ.